కార్బోరేటర్ నాలుగో స్క్రూ

ఫరీదాబాద్‌లో అద్దెకున్న రోజుల్లో నాకొక పాత మోటార్‌సైకిల్ ఉండేది. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయిందని కొన్నాక తెలిసింది. గుర్గావ్ ఆఫీసుకు కొండల మధ్య రోడ్డు మీదుగా రోజూ దాని మీదే వెళ్లేవాణ్ని. ఒక శనివారం అది పెట్రోలు కార్చడం మొదలుపెట్టింది. కార్బోరేటర్ అడుగున పెట్రోలు నిలిచే చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. దాన్ని నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. ఆ గిన్నె విప్పి లోపల శుభ్రం చేస్తే చాలని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఆయనకు కారుంది.

మర్నాడు పొద్దున్నే కార్బోరేటర్ ఊడదీసి, పెట్రోలంతా ఒంపేసి, మెట్ల మీద పేపరు పరుచుకుని కూర్చున్నాను. మూడు స్క్రూలు వచ్చాయి. నాలుగోది కదల్లేదు. స్క్రూడ్రైవర్ జారింది. గట్టిగా నొక్కి తిప్పితే ఇంకాస్త జారింది. పావుగంటకల్లా స్క్రూ తల మీద ప్లస్ గుర్తు పోయి, గుండ్రటి గుంట మిగిలింది.

మార్కెట్ మూలనున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "పేచ్ మర్ గయా, భయ్యా. పూరా కార్బోరేటర్ బదల్ దో," అన్నాడు. స్క్రూ చచ్చింది, కార్బోరేటర్ మొత్తం మార్చెయ్యమని.

"ఇది కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" అని హిందీలో అడిగాను.

"కహీఁ నహీఁ," అన్నాడు. ఎక్కడా దొరకదట.

ఉలి పెట్టి సుత్తితో కొడితే స్క్రూ తిరగొచ్చు, లేదా గిన్నె పగలొచ్చు, నీ ఇష్టం అని కూడా చెప్పాడు. ఉలి అతనే ఇచ్చాడు. కొట్టడం మాత్రం తన దుకాణంలో వద్దన్నాడు.

మళ్లీ మెట్ల మీద కూర్చుని సుత్తి ఎత్తాను.

"ఏంటి బాబూ, ఏం పగలగొడుతున్నావ్?"

పై అంతస్తు ఆంటీ. ఏలూరు వైపు వాళ్లు. ఇరవై ఏళ్లకు పైగా ఢిల్లీలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. ఎముకల డాక్టర్లకు పనిముట్లు అందించడం ఆవిడ పని. చర్చికి బయల్దేరి, తెల్లచీరతో మెట్లు దిగుతున్నారు. అంకుల్ అక్కడ పాటలు పాడించాలి కాబట్టి ముందే వెళ్లిపోయారు.

నేను సంగతి చెప్పాను. ఆవిడ బైబిలు సంచీ రెయిలింగ్‌కు తగిలించి, వంగి చూశారు.

"తల అరిగిపోయింది. మాకూ ఇదే గొడవ," అన్నారు.

"మీకా?"

"విరిగిన కాలుకి ప్లేటేసి స్క్రూలు బిగిస్తారు కదా. ఏడాది తర్వాత తీయబోతే కొన్నిటికి ఇలాగే తల పోతుంది. ఆ సుత్తి అక్కడ పెట్టు."

పెట్టాను.

ఆవిడ పైకెళ్లి ఒక స్టీలు పళ్లెం, పాత బనియన్ గుడ్డ, రబ్బరు గ్లవ్ ఒకటి తెచ్చారు. విప్పినవన్నీ పేపరు మీద నుంచి పళ్లెంలోకి మార్చారు. స్క్రూ చుట్టూ మట్టి పోయేదాకా తుడిపించారు. గ్లవ్‌లోంచి చిన్న ముక్క కత్తిరించి గుంట మీద పెట్టి, దాని మీద స్క్రూడ్రైవర్ ఆనించమన్నారు. రబ్బరు పట్టు ఇస్తుందట. రబ్బరు చిరిగింది. స్క్రూ అలాగే ఉంది.

"సరే, ఇది ఇద్దరిలో ఒకళ్లకే పనిచేస్తది," అన్నారు ఏమాత్రం నొచ్చుకోకుండా.

తర్వాత స్క్రూ అంచున రెండు చుక్కల నూనె వేయించి, అరగంట ముట్టుకోవద్దన్నారు. ఆ అరగంటా ఆవిడ మెట్టు మీదే కూర్చున్నారు. చర్చి మొదలైపోతుందేమో అన్నాను. ప్రసంగం ఎలాగూ పొడుగ్గానే ఉంటుందన్నారు.

అరగంటయ్యాక, పైనుంచి ఇనుము కోసే యాక్సా బ్లేడు ముక్క తెచ్చి, గుడ్డ చుట్టి నా చేతికిచ్చారు. స్క్రూ తల మీద అడ్డంగా ఒక గాడి కోయాలి. అందులో చదును మొన స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాలి. "మీరే కోయండి ఆంటీ," అన్నాను. "నేను అందిస్తా. కోసేది నువ్వే," అన్నారు.

గాడి పడింది. స్క్రూడ్రైవర్ పెట్టి, బలమంతా ఉపయోగించి ఎడమవైపు తిప్పబోయాను.

"చెయ్యి తియ్!"

అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చెయ్యి తీసేశాను. ఆవిడ పళ్లెంలో స్క్రూలు వరసగా సర్దారు.

"ఒక డాక్టరు ఇలాగే బలం పెట్టాడు," అన్నారు తర్వాత. "చిన్న వయసు పేషెంటు. ఎముక పగిలింది. పగులుతుందని నాకు ముందే తెలుసు. పక్కనే నిలబడి ఉన్నా. ఏమీ అనలేదు. నర్సులు అనరు కదా."

కార్బోరేటర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ముందు కుడివైపు తిప్పు," అన్నారు మామూలు గొంతుతో. "బిగించినట్టు. వెంట్రుకవాసి చాలు. పట్టు వదిలాక ఎడమవైపు."

కుడివైపు కొంచెం తిప్పాను. లోపల టిక్కుమంది. పగిలిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. ఆవిడ వంగి చూసి, "ఠీక్ హై. ఇప్పుడు మెల్లగా," అన్నారు. ఎడమవైపు తిప్పితే స్క్రూ తిరిగింది. అంతసేపు సతాయించింది తనే కానట్టు, వేళ్లతో తీస్తే వచ్చేసింది. గిన్నె మీద గీత కూడా పడలేదు.

నేను సంబరంగా గిన్నె విప్పి, లోపలి చిన్న ముక్కలు తీసి పళ్లెంలో వేసి, మడ్డి తుడిచి, అన్నీ తిరిగి బిగించి మూయబోయాను.

"లెక్క," అన్నారు ఆంటీ.

"ఏం లెక్క?"

"మూసే ముందు లెక్క చూస్తాం. లోపలివి ఎన్ని తీశావు?"

"నాలుగు."

"పళ్లెంలో మూడే ఉన్నాయి."

ఇద్దరం మెట్లన్నీ వెతికాం. సన్నటి బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క ఒకటి లేదు. ఇంజిన్‌కు పెట్రోలు దానిగుండానే వెళ్లాలి. చివరికి అది నేను తుడిచి పారేసిన గుడ్డ మడతలో దొరికింది. ఆవిడ దాన్ని పళ్లెంలో వేసి, మళ్లీ నాలుగూ లెక్కపెట్టి, "ఇప్పుడు మూసెయ్," అన్నారు.

మార్కెట్‌కెళ్లి కొత్త స్క్రూలు తెచ్చి బిగించి, కార్బోరేటర్ బండికి ఎక్కించాను. మూడో కిక్కుకు బండి స్టార్టయింది. కారడం లేదు. ఆంటీ తెల్లచీర మీద పెట్రోలు మడ్డి మరకలు చూసి, ఆటో మాట్లాడనా అని అడిగాను. దేనికి, బండి ఉందిగా అన్నారు. అప్పటికి పన్నెండు దాటింది. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, ఒకవైపు కాళ్లు పెట్టి వెనక కూర్చున్నారు. చర్చికి చేరేసరికి జనం బయటికి వస్తున్నారు. అంకుల్ దగ్గరికొచ్చి వాసన చూసి, ఏమైందని అడిగారు.

"ఆపరేషన్ పడింది," అన్నారావిడ. "పేషెంటు బానే ఉన్నాడు."