మా బావ, మొదట్నుంచి

మా బావ ఏ పనినీ మధ్యలోంచి మొదలుపెట్టడు. ఆగిన పనిని ఆగినచోట అందుకోవడం లోకంలో అందరూ చేసేదే. ఆయన దృష్టిలో మాత్రం అది అపరిశుభ్రమైన అలవాటు. టీలో చక్కెర తక్కువైతే మరో చెంచాడు కలుపుకోడు. టీ పారబోసి, గిన్నె తోమి, మళ్లీ నీళ్లు పొయ్యిమీద పెడతాడు. పెళ్లయిన కొత్తలో మా అక్క దీన్ని తన చేతి రుచి మీద విమర్శ అనుకుని కంటతడి పెట్టింది. తర్వాత ఒకనాడు, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పడినందుకు ఆయన చొక్కా మొత్తం విప్పి, మడతపెట్టి, మడత విప్పి మళ్లీ తొడుక్కోవడం చూసి స్థిమితపడింది.

ఆయన దగ్గర ఒక రైలు కథ ఉంది. చదువుకునే రోజుల్లో పొరపాటున వేరే రైలెక్కడంతో అది మొదలవుతుంది. ఎవరు దగ్గినా, తలుపు తట్టినా ఆయన ఆగి, ఏమాత్రం విసుగు లేకుండా, "సరే, మొదట్నుంచి చెప్తాను" అంటాడు. మా బంధువుల్లో చాలామందికి ఆ రైలు రెండో స్టేషను దాకా కంఠతా వచ్చు. చివరికి ఎక్కడ ఆగిందో తెలిసినవారు లేరు. అక్కనడిగితే, "నేను కాపురానికొచ్చేసరికే బయల్దేరిందిరా, ఇంకా చేరలేదు" అంటుంది.

బావదీ నాదీ ఒకే ఆఫీసు. మా సంస్థ కెర్నెల్ తయారుచేస్తుంది. యంత్రంలో ఏ పని ఎప్పుడు జరగాలో, ఎవరికోసం ఎవరు ఆగాలో నిర్ణయించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఇంట్లో మా అక్కది ఆ స్థానం. మాది లిఫ్టుల్లో, తూకం యంత్రాల్లో ఇమిడే చిన్న కెర్నెల్. దాన్ని రాసేవాళ్లు వేరు, వాళ్లకు దక్కే గౌరవమూ వేరు. బావ పని నమూనా ప్రోగ్రాములు. ఒకటి చిన్న దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది; ఒకటి మీట నొక్కేవరకూ నిద్రపోతుంది. కెర్నెల్ కొన్నవారు మొట్టమొదట కంపైల్ చేసి, అంటే రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చి, చూసేవి ఇవే.

ప్రతి ఉదయం బావ తన కంప్యూటర్లోని నమూనాల ఫోల్డరంతా తుడిచేసి, అందరి ఫైళ్లూ ఉమ్మడిగా ఉండే సర్వరు నుంచి కొత్తగా తెచ్చుకుని, మొదటి నుంచి కంపైల్ చేస్తాడు. మారిన ఫైళ్లను మాత్రమే కంపైల్ చేసే సదుపాయం ఉంది. తక్కిన అందరం దాన్నే వాడతాం. మాకు క్షణాల్లో అయ్యే పని ఆయనకు టీ చల్లారేంతసేపు పడుతుంది. టీ చల్లారితే ఏం జరుగుతుందో పాఠకులు ఊహించగలరు.

"నిన్న నడిచింది కదా బావా" అన్నానొకసారి.

"నిన్న నడిచినదాంట్లో మొన్నటిది ఎంతుందో చెప్పగలవా?" అన్నాడాయన, తుడుస్తూనే.

ఇలా ఉండగా బావ కంటి శుక్లం తీయించుకోవడానికి సెలవు పెట్టాడు. ఆయన పనిని మేనేజరు గారితో సహా అందరం తలా కాస్త పంచుకున్నాం. అప్పటికి మా దగ్గర ఒకావిడ పరీక్షాకాలం మీద పనిచేస్తోంది. అంతకుముందు బళ్లో లెక్కలు చెప్పేది కనుక అందరికీ ఆవిడ టీచరమ్మే. నడివయసులో ఉన్న ఉద్యోగం మానుకుని వచ్చింది; ఇక్కడ కాదంటే వెనక్కి వెళ్లడానికి ఆ చోటు ఖాళీగా లేదు. చివరి వారంలో ఆవిడకు ఇచ్చిన పని చాలా సులువైనది: నమూనాలను కంపైల్ చేసి, బల్లమీదుండే చిన్న సర్క్యూట్ బోర్డు మీద దీపం వెలిగించి చూపాలి.

దీపం వెలగలేదు. అసలు కంపైలే కాలేదు. తప్పుల జాబితా తెరనిండా ఎర్రగా పారింది. మా అందరి కంప్యూటర్లలోనూ అదే నమూనా హాయిగా కంపైలై, దీపం కన్నుగీటుతోంది. తలా ఒక సలహా ఇచ్చాం. ఏదీ పనిచేయకపోయేసరికి తలా ఒక చూపు చూసి వచ్చేశాం. మేనేజరు గారు మాత్రం మృదువుగానే అన్నారు: "అందరికీ అయ్యి మీ ఒక్కరికే కాలేదంటే నేనేమనుకోవాలమ్మా? సాయంత్రం దాకా చూద్దాం."

ఆ ఉదయమే బావ నల్లకళ్లద్దాలతో ఆఫీసుకు వచ్చాడు. ఆయన తెర వైపు చూడకుండా కాపలా కాయమని అక్క నాకు గట్టిగా చెప్పి పంపింది. అందువల్ల టీచరమ్మ కుర్చీ పక్కన ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తెరమీద ఉన్నది చదివి వినిపించడం నా వంతు.

"ఎలా మొదలుపెట్టారమ్మా?" అనడిగాడు.

"మీరు రాసిన సూచనల్లో ఉన్నట్టే సార్. ఖాళీ ఫోల్డరుతో, మొదట్నుంచి."

చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలు ఇన్నాళ్లకు దొరికినట్టు బావ ముఖం వెలిగిపోయింది. ఎర్రగా ఉన్నవన్నీ వదిలేసి మొట్టమొదటిది మాత్రమే చదవమన్నాడు. ఏ దీపం ఏ తీగకు కలిసిందో చెప్పే చిన్న ఫైలు ఒకటి దొరకడం లేదని అందులో ఉంది.

"సర్వర్లో ఉందా?"

వెతికి, లేదన్నాను.

"నీ దగ్గరో?"

"ఉంది."

"నీకెక్కడిది?"

పక్కసీటాయన ఇచ్చాడు. ఆయనకు కెర్నెల్ రాసేవాళ్లెవరో ఇచ్చారు. వాళ్లకెవరిచ్చారో వాళ్లకు గుర్తులేదు. చక్కెర చేబదులిచ్చుకున్నట్టు ఆ ఫైలును చేతులు మార్చుకున్నామే గాని, అది సర్వర్లో ఉండాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"అంటే ఈ గదిలో సవ్యంగా పనిచేసింది ఈవిడ కంప్యూటరొక్కటే. లేనిదాన్ని లేదంది" అన్నాడు బావ గోడతో.

విషయం విని మేనేజరు గారు, భోజనానికి వెళ్లేముందు, ఫైలును సర్వర్లో పెట్టి అన్ని కంప్యూటర్లూ సరిచేయమన్నారు. బావ నా భుజం పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరికీ నడిచాడు. ప్రతిచోటా ఆ ఫైలు తేదీ చదవమన్నాడు. చదువుతూ చదువుతూ మేనేజరు గారి బల్ల దగ్గర ఆగిపోయాను. అన్నిటికంటే పాత తేదీ అక్కడుంది. ఫైలు పుట్టిల్లు అదే; పుట్టింది బావ సెలవులో ఉండగా.

"చదవ్వేంరా?"

చదివాను.

"ఊఁ. తుడిచెయ్. అన్నిట్లోనూ తుడిచెయ్. మొదట్నుంచి తెచ్చుకుందాం."

మేనేజరు గారు తిరిగొచ్చేసరికి గదిలోని ప్రతి బోర్డు మీదా దీపం కన్నుగీటుతోంది, టీచరమ్మది కూడా. ఆయన గంభీరంగా, "ఈ నిర్వాకం ఎవరిదో తేలాలి. పాత తేదీలు చూడండి" అన్నారు.

"తుడిచేశామండీ" అన్నాడు బావ.

"మరి ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"ఇంక తెలీదండీ" అన్నాడు బావ, పరమానందంగా. ఆయన పిచ్చి తెలిసినవారు కనుక మేనేజరు గారు నిట్టూర్చి వెళ్లిపోయారు.

వరండాలో అడిగాను: "చెప్పేస్తే పోయేది కదా బావా?"

"సాయంత్రం ఆవిడ కాగితాల మీద సంతకం పెట్టాల్సిన చెయ్యిరా అది. దాన్ని సిగ్గుపరిస్తే మనకేం ఒరుగుతుంది?"

సంతకం చక్కగానే పడింది. టీచరమ్మ బావ దగ్గరికొచ్చి, రోజూ అంతా ఎందుకు తుడుస్తారని అడిగింది. ఇన్నేళ్లలో ఆయన్ను నవ్వకుండా ఆ ప్రశ్న అడిగింది ఆవిడే.

"కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర పాతదేమీ ఉండదు కదమ్మా. రోజుకోసారి వాళ్ల కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. దారి తెలీనిచోట ఒంటరిగా దిగబడ్డం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి రైల్లో..."

అంతలో ఎవరిదో ఫోను మోగింది. "సరే, మొదట్నుంచి చెప్తాను" అన్నాడు బావ. మేమందరం అలవాటుగా కుర్చీల్లోంచి లేచాం. టీచరమ్మ మాత్రం లేచి తలుపు వేసింది. బళ్లో అల్లరి తరగతులను చూసినట్టు మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. ఫోన్లు మూగబోయాయి. ఎవరూ దగ్గలేదు.

ఆ రైలు చేరింది. ఎక్కడికని మాత్రం నన్నడగకండి. చివరి ముక్క ఒక్కటే చెప్పడం మా ఇంట్లో ఒప్పుకోరు.