మామ కారు, రెండు మూటలు, అత్త

మొన్న నంద్యాల స్టేషన్ బయట ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కనున్న మనవరాలు ఎదురుగా ఆగిన కొత్త కారును చూసి, ఫోనులో దాని బరువూ హార్స్ పవరూ నొక్కి, అది నిలబడ్డచోటు నుంచి పావు మైలు దాటడానికి పదిహేను సెకన్లు చాలని తేల్చేసింది. తేల్చడానికి ఆమెకు అంత సేపు కూడా పట్టలేదు. అదే లెక్కకు ఒకప్పుడు నాకు ఒక పగలంతా పట్టింది. ఒక కారూ, ఒక రైసు మిల్లూ, మా అత్తా కావలసి వచ్చారు.

అప్పుడే నంద్యాలలో బి.ఎస్సీ. ముగించి, ఎమ్మెస్సీకి తిరుపతి పోవాలని నేనూ, నన్ను ఆళ్లగడ్డలో తన బట్టల కొట్లో కూర్చోబెట్టాలని మా మేనమామా పట్టుబట్టిన రోజులవి. మా ఇంట్లో నాయన మాట అమ్మ వింటుంది, అమ్మ మాట నేను వింటాను, మామ మాట అందరం వింటాం. కాబట్టి చర్చ ఎక్కువసేపు జరగలేదు.

ఆ వారంలోనే ఒక పాత పుస్తకంలో నాకా సూత్రం కనిపించింది. కారు బరువును పౌన్లలో వేసుకుని, హార్స్ పవరుతో భాగించి, ఘనమూలం కట్టి, 5.825తో హెచ్చిస్తే, పావు మైలుకు ఎన్ని సెకన్లో వస్తుంది. చదువు గొప్పతనం చూపించడానికి ఇంతకంటే మంచిది దొరకదనుకుని, మామ కారు సంగతి నేను కూర్చున్నచోటి నుంచే చెప్పగలనన్నాను. తెల్లటి డీజిల్ కారది. ఆ కాలంలో రెండు మూడు రకాలే ఉండేవి. మామది వాటిలో బరువైనది. ఆయనకు దానిమీద కన్నబిడ్డ మీదున్నంత ప్రేమ.

"ఏందిరా అల్లుడా, నా బండిని పుస్తకంలో తోల్తాండావా?" అన్నాడు మామ. "సరే. సెకను అటోఇటో వచ్చిందనుకో, తిరప్తికి పో. రాలేదా, రేపట్నించి కొట్టుకాడ కూసో."

బేరం కుదిరింది. నంద్యాలలో మామకు తెలిసినవాళ్ల మిల్లులో, వడ్ల లారీలు తూచే కాటా మీదికి కారెక్కించాం. మామ స్టీరింగు ముందు గంభీరంగా, ఊపిరి కూడా బరువేమోనన్నట్టు బిగపట్టి కూర్చున్నాడు. కారూ మామా ఇద్దరూ కలిసి పన్నెండు వందల ఎనభై కిలోలు. నేను కాటా గదిలో చీటీ రాయించుకుని, లాగరిథమ్ పట్టికలు తీసి (మన తరానికి వాటి సంగతి నేను చెప్పక్కర్లేదు), ముప్పై ఏడు హార్స్ పవరుకు ఇరవై నాలుగు పాయింట్ ఏడు సెకన్లని తేల్చి, ఆ చీటీ మామ జేబులోనే పెట్టాను. ఆ ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

రైలు దిగే బంధువులను కలవడానికని ఉదయమే ఆళ్లగడ్డ నుంచి మామతో వచ్చిన అత్తను స్టేషన్ దగ్గర ఎక్కించుకుని తిరుగుదారి పట్టాం. ఆళ్లగడ్డ ఇంకా దూరముందనగా రోడ్డు తిన్నగా, ఖాళీగా కనిపించింది. రెండు వందల మీటర్లకొక చిన్న రాయి ఉండేది కదా, అలాంటివి రెండు లెక్కపెట్టి, రెండు పెద్ద అడుగులు కలిపి, కాలేజీ ల్యాబులో అడిగి తెచ్చిన స్టాప్ వాచీతో అక్కడ నేను నిలబడ్డాను. మామ వెనక్కి పోయి, అత్తను చింతచెట్టు నీడన దింపి, లైట్లు వెలిగించి బయలుదేరాలి. లైట్లు వెలిగాయి. కారు రావడానికి ఏ తొందరా పడలేదు. వచ్చింది. ఇరవై ఏడు.

రెండు సెకన్లకు పైగా తేడా. తిరుపతి అక్కడే, ఆ రాయి పక్కనే ఆగిపోయింది. మామ దిగి నవ్వుతూ, కొట్లో నేను కూర్చోబోయే పరుపు కొలతలు కూడా చెప్పాడు. అంతలో కారు వెనక తలుపు తెరుచుకుని అత్త దిగింది.

"ఆ ఎండలో ఎవురు దిగుతారప్పా?" అంది. "అయినా డిక్కీలో రెండు బియ్యం మూటలుండాయి కదా, వాటినెందుకు దింపల్యా?"

మిల్లుకొచ్చిన బండి ఖాళీగా పోరాదని మావాళ్ల పట్టింపు. నేను లోపల ఘనమూలంతో కుస్తీ పడుతుంటే, మిల్లువాళ్లు డెబ్బై అయిదు కిలోల మూటలు రెండు వేశారు. మామకు అది తోచనే లేదు.

"ఇంటికి తీస్కపోయే బియ్యం బరువెట్లయితాదిరా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

బానెట్ మీద పుస్తకం పరిచి మళ్లీ కట్టాను. ఇరవై అయిదు పాయింట్ ఆరు. ఇంకా చాలదు. లెక్కలో చేరనిది ఇక ఒక్క బరువే మిగిలింది. దాన్ని అడిగే ధైర్యం ఫిజిక్సులో ఎక్కడా చెప్పలేదు. పెన్సిలు చెక్కుతూ నిలబడ్డాను. చెక్కడానికి ఇక పెన్సిలు మిగలదనగా, అత్త మామకేసి ఒకసారి చూసి, కొంగుముడి విప్పి, నా చేతిలో ఒక అట్టముక్క పెట్టింది. స్టేషన్లో రంగు దీపాల తూకం మిషన్ ఇచ్చిన టికెట్. పొద్దున ఒక్కతే ఎక్కి చూసుకుందట. తొంభై కిలోలు. వెనక జాతకం: మీ మాటకు విలువ పెరుగును.

"రాసుకో నాయనా," అంది, తల పక్కకు తిప్పి. "నీ సదువు కంటేనా?"

ఇరవై ఆరు పాయింట్ రెండు. తేడా సెకను లోపే. మామ చీటీ చూశాడు, టికెట్ చూశాడు, అత్తను చూశాడు. "తొంభైయా?" అన్నాడు చాలా మెల్లగా. ఆమె చూపు చూసి, "పోరా తిరప్తికి, పో," అన్నాడు చాలా గట్టిగా. ఆళ్లగడ్డ దాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. మామ కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టాడు.

ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. ఆ రోడ్డు వెడల్పయింది, చింతచెట్టు లేదు, మామ లేడు, అత్తా లేదు. స్టేషన్లో ఆ మిషన్ ఉన్నచోట మొన్న వెతికితే నీళ్ల సీసాలమ్మే కొట్టుంది. మనవరాలి ఫోను మాత్రం ఏ కారు సంగతైనా చిటికెలో చెబుతుంది, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. ఆటో వచ్చేలోపు నన్నూ ఒకసారి ప్రయత్నించమని ఇచ్చింది. బరువు గడిలో నేను తొంభై కలిపి వేశాను. తప్పు వేశావు తాతా అని సరిదిద్దబోయింది. ఉండనివ్వమన్నాను.