బోటు తిరిగొచ్చేదాకా

కోవిడ్ రావడానికి రెండేళ్ల ముందు, దీపావళి వెళ్లాక జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో ఆడవాళ్ల మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మెడికల్ వార్డు అంటే ఆపరేషన్‌తో పని లేని జబ్బులన్నీ చేరే చోటు. జ్వరాలు, ఆయాసాలు, కామెర్లు, కాళ్ల వాపులు. చాలామంది నయమై ఇంటికి వెళతారు. కొందరికి మాత్రం నొప్పి తగ్గించడం తప్ప మేం చేయగలిగింది ఉండదు.

కిటికీ పక్క మంచం మీద నూకమ్మ ఉండేది. ఊరు శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున. ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని లోపలి పల్లెలన్నీ తిరిగిన మనిషి. క్యాన్సర్ కాలేయానికి పాకింది. పొట్టలో నీరు చేరేది. తీస్తే ఒక పూట తేలికపడేది, మళ్లీ చేరేది. జబ్బు పేరు ఆమెకు చెప్పొద్దని బంధువులు ముందే మాట తీసుకున్నారు. ఆమె కూడా అడగలేదు. ఇంజెక్షన్ చేసినప్పుడల్లా, “నీ సూది కంటే జెల్ల సేప ముల్లు నయమమ్మా” అనేది. మందుబిళ్లలు చేతిలో పెడితే, “ఇన్ని బిళ్లలు గంపలో ఏసిస్తే ఈపాటికి ఒకూరు తిరిగి అమ్ముకొచ్చును” అనేది. పక్క మంచాలవాళ్లు నవ్వేవారు. నొప్పి ఎక్కువైతే మాత్రం కిటికీ వైపు తిరిగి పడుకునేది.

దగ్గరుండి చూసుకునేది కోడలు పార్వతి. సన్నగా, ఎప్పుడూ పరుగు మీద ఉండే పిల్ల. వచ్చిన మొదటి రోజు నుంచి నన్ను ఒకటే అడిగేది, అత్తకు గంజి పట్టించొచ్చా అని. పట్టించొచ్చని చెప్పేదాన్ని. కాసేపటికి మళ్లీ వచ్చి అదే అడిగేది. డ్యూటీ మారి వచ్చిన నర్సునీ అదే అడిగేదట. ఈ అమ్మాయికి ఒకసారి చెబితే ఎక్కదా అని మాలో మేం విసుక్కున్నాం కూడా.

రౌండ్స్‌లో డాక్టరు గారు పార్వతితో చెప్పే మాట కూడా రోజూ ఒకటే. “మన ప్రయత్నం మనం చేస్తున్నాం, చూద్దాం.” ఆయన మాతో మాట్లాడేటప్పుడు ‘గార్డెడ్ ప్రోగ్నోసిస్’ అనేవారు. ప్రోగ్నోసిస్ అంటే జబ్బు ఇక ఎటు నడుస్తుందన్న అంచనా. దాని ముందు గార్డెడ్ అన్నారంటే, పెద్దగా ఆశ లేదని మాలో మేం మర్యాదగా చెప్పుకున్నట్టు. ఆ మర్యాద మాకు అర్థమవుతుంది. బయటివాళ్లకు అందేది ‘చూద్దాం’ ఒక్కటే.

ఒకరోజు పొద్దున్న రౌండ్స్ అయ్యాక పార్వతి మళ్లీ గంజి సంగతి ఎత్తింది. అప్పుడు నా చూపు బల్ల మీద పడింది. గ్లాసులో గంజి అలాగే ఉంది, పైన తెట్టు కట్టింది. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, ఆమెను వరండాలో కుళాయి దగ్గరకు తీసుకెళ్లాను. గంజి సంగతి తరవాత చూద్దాం, ముందు ఇంతవరకు కనబడని మీ ఆయన ఎక్కడున్నాడో చెప్పమన్నాను.

ఆమె చెప్పింది. మొగుడు అప్పన్న గుజరాత్‌లో, వెరావల్ బోటు మీద ఉన్నాడు. ఆ ఊరి మగవాళ్లు చాలామంది అంతే, సీజనంతా అక్కడే వేట. బోటు ఒకసారి లోపలికి వెళితే ఒడ్డుకు రావడానికి ఇంచుమించు నెల. అప్పుడు ఫోను అందదు. వైర్‌లెస్ ఉంటుంది కానీ, వేటలో ఉన్నవాడికి చెడ్డ కబురు పంపడం వాళ్లలో లేదు. ఒడ్డుకు వచ్చాకే చెబుతారు. ఇప్పుడు బోటు ఒడ్డునే ఉంది.

“బోటుకి ఐసెక్కిస్తన్నారంట సిస్టరమ్మా. రేపు పొద్దున్నే బోటెల్లిపోతాది. రమ్మంటావేటి, ఒద్దంటావేటని అడుగుతన్నాడు. నానేటి సెప్పీది? డాక్టరుగారు సూద్దామన్నారు గదా. సూద్దామంటే బాగుంటాదనే గదా?”

అత్త ఉంటుందా పోతుందా అని ఆ అమ్మాయి నోటితో అడగలేదు. అడిగితే చావును పిలిచినట్టు. అందుకే గంజి.

డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఓపీ నిండా జనం. నూకమ్మకు ఎన్నాళ్లుందని అడిగితే, రోజులు చెప్పలేనన్నారు. అది నిజమే, ఎవరూ చెప్పలేరు. అందుకని మరో రకంగా అడిగాను. “రేపు బయల్దేరే బోటు మీద ఆమె కొడుకున్నాడు సార్. నెలకు గాని తిరిగి రాడు. అప్పటికి ఈమె ఉంటుందా?”

ఆయన రాయడం ఆపేశారు. “ఉండదు. ఇవాళే బయల్దేరమనండి” అన్నారు. నన్ను వెంటనే చెప్పమని, ఓపీ అయ్యాక తనూ వచ్చి మాట్లాడతానన్నారు. మాట ప్రకారం వచ్చారు కూడా.

పార్వతి కుళాయి దగ్గరే నిలబడి ఉంది. ఈ బోటు తిరిగొచ్చేదాకా అత్త ఉండదమ్మా, మీ ఆయన్ని బోటెక్కొద్దని చెప్పు అన్నాను.

ఆమె ఏడవలేదు. నా ముఖంలోకే చూసింది. “అలాటి మాట నోటంట ఎలాగొచ్చింది సిస్టరూ నీకు?” అంది. కుళాయి తిప్పి ముఖం కడుక్కుని, ఫోను తీసుకుని మెట్ల వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఇంజెక్షన్‌కు వెళితే నూకమ్మ నెమ్మదిగా అడిగింది, “ఆడ్ని రమ్మన్నారేటి?” అని. బంధువులకు ఇచ్చిన మాట ఉంది. అబద్ధం చెప్పాలనిపించలేదు. నీకేం అనిపిస్తోందమ్మా అని తిరిగి అడిగాను.

“పొట్ట నాది కాదేటి? నాకు తెల్దా?” అంది. “నానడిగితే ఆ పిల్ల ఏడస్తాదని అడగనేదు.” ఊపిరి తీసుకుని మళ్లీ, “ఆడు రైల్లో ఏటీ తినడమ్మా, సిన్నప్పట్నుంచీ అంతే. ఒచ్చీగానే ముందు తినమను. ఏడుపు తరవాత” అంది.

అత్తాకోడళ్లు ఒకరి నుంచి ఒకరు దాచిపెట్టుకున్నది ఒకటే విషయం. ఇద్దరి మధ్య ఉన్నది చిన్న స్టూలంత దూరం.

మర్నాటికి ఆమెకు మగత కమ్మింది. కాలేయం పూర్తిగా దెబ్బతింటే మెదడు మీద అలాగే ప్రభావం పడుతుంది. పిలిస్తే మొదట్లో ఊఁ అనేది, తరవాత అదీ లేదు. మూడో రోజు అప్పన్న ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోలో నేరుగా వార్డుకే వచ్చాడు. అరికాళ్లు పట్టుకుని పిలిచాడు. కళ్లు తెరవలేదు. నా వైపు తిరిగి, “ఏటైనా సెప్పిందా?” అన్నాడు.

ముందు నిన్ను తినమంది, ఏడుపు తరవాత అంది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాటకు అతని ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. పార్వతి బయటికి వెళ్లి ఇడ్లీ పొట్లం తెచ్చింది. వార్డులో అటెండెంట్లు తినకూడదు. నేను రెండో వైపు మంచాల దగ్గర పని పెట్టుకున్నాను. తల్లి చెవి దగ్గర వంగి, “అమా, తింటన్నాను. తింటన్నానే” అంటూ అతను తినడం అక్కడిదాకా వినిపించింది. మర్నాడు పొద్దెక్కేలోపు నూకమ్మ పోయింది. తీసుకెళ్లేటప్పుడు పార్వతి నా పక్కనుంచే నడిచింది, నన్ను చూడలేదు.

వేసవిలో ఒకరోజు ఆర్టీసీ కాంప్లెక్సులో కనిపించింది. కాళ్ల దగ్గర అత్త గంప. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. బస్సు వచ్చాక గంప ఎక్కించి, ఏమనుకుందో, మళ్లీ దిగి వచ్చింది.

“నువ్వు సెప్పబట్టి మా మావ ఆళ్లమ్మని సూసుకున్నాడు. కాదన్ను. అయినా నీ మొకం సూస్తే నాకు ఆ మాటే గేపకమొస్తాది తల్లీ. ఏటీ అనుకోకు.”

అనుకోవడానికి ఏమీ లేదు. అలాంటి మాట ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పినవాళ్ల ముఖం ఆ మాటతోపాటే గుర్తుండిపోతుంది. దానికి సిద్ధపడలేకే మేం ‘చూద్దాం’ అంటామని నాకు ఆ బస్సు వెళ్లిపోయాక అర్థమైంది. ఇప్పుడు వార్డులో ఎవరైనా ఒకే చిన్న ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగితే పక్కకు తీసుకెళ్లి, ఇంకా రావాల్సినవాళ్లు ఎక్కడున్నారని అడుగుతాను. వాళ్లు చెప్పింది విని, నాకు తెలిసింది వాళ్ల ముఖంలోకి చూస్తూ చెబుతాను. ఆ తరవాత వాళ్లు నన్ను చూడకపోయినా సరే.