కుత్తు కాళియప్పన్ చివరి సండ

కోయంబత్తూరు మిల్లు లైను ఇళ్ళలో కాళియప్పన్ ఇల్లెక్కడని అడిగితే, ఏ కాళియప్పన్ అని ఎదురు అడిగేవారు. కుత్తు కాళియప్పన్ అంటే మాత్రం నీళ్ళ కొళాయి దగ్గర ఉన్న ముసలమ్మ కూడా లేచి వచ్చి దారి చూపించేది. కుత్తు అంటే అక్కడి మాటలో గుద్దు. కుర్రతనంలో పోదనూరు రైల్వే షెడ్డులో బొగ్గు వేసే ఒక ఆంగ్లో ఇండియన్ దగ్గర అతను బాక్సింగు నేర్చుకున్నాడు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా మిల్లుల పోటీలో అతన్ని నేల కరిపించినవాడు లేడు.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటేసరికి కాళియప్పన్‌కు నలభై దాటాయి. పగలంతా దూది ఏకే కార్డింగు డిపార్టుమెంటులో దుమ్ము మింగి, సాయంత్రం దాన్నే తెల్లగా ఉమ్మేవాడు. ఎడమ చెవి వినిపించడం మానేసి చాన్నాళ్ళయింది. ఎడమ కన్నూ మసక. ఆ సంగతి అతని భార్య వీరాయికి, ఇంట్లోవాళ్ళకు తప్ప బయట ఎవరికీ తెలియదు.

ఆ ఏడు ఆయుధపూజ సండకు, అంటే గుద్దుల పోటీకి, మదురై మిల్లు నుంచి కరుప్పయ్య వస్తున్నాడని కబురు వచ్చింది. ఇరవై రెండు మూడేళ్ళవాడు. దిండిగల్లులో వీడి దెబ్బలకు ఒకడు తాళ్ళ మీద వాలిపోయి, గంట మోగాక కూడా వీడు ఆపలేదట. ఆ మనిషి ఇప్పుడు కన్నతల్లిని చూసి నువ్వెవరని అడుగుతున్నాడట.

"చెవి ఇచ్చేసినావు. కన్ను సగం ఇచ్చేసినావు. ఇంక ఏం మిగిలిందని పోతుండావు?" అంది వీరాయి ఇంటి తెలుగులో, సంగటి కలుపుతూ.

"పోకుంటే బయపడినాడంటారే."

"అననీ. అన్నోళ్ళ నోరు నొయ్యాల. నీకేం?"

గడప మీద కూర్చున్న పెరియసామి నవ్వాడు. వాడు వీరాయి తమ్ముడు. తల్లి పోయాక అక్క ఇంట్లోనే పెరిగాడు. బావే వాడికి అన్నం పెట్టాడు, మిల్లులో పని ఇప్పించాడు, గుద్దడం నేర్పాడు. "నేను మూలలో ఉంటాను గదక్కా. బావ మీద చెయ్యేస్తే వాణ్ణి విడుస్తానా?" అన్నాడు.

మిల్లు వెనక మైదానంలో నాలుగు సరుగుడు కొయ్యలు పాతి, ఇనుప కమ్మీలతో బిగించి, తాళ్ళు కట్టి, నేల మీద గుడారపు గుడ్డ పరిచారు. పగటి షిఫ్టు దిగిన జనమంతా ఒంటి మీద దూదితోనే వచ్చి నిలబడ్డారు. ఎండ ఇంకా తగ్గలేదు.

గంట మోగింది. కరుప్పయ్య పరిగెత్తుకొచ్చాడు. కాళియప్పన్ కాస్త కుడికి జరిగి, వాడి మూతి మీద ఒకటి ఇచ్చాడు. జనం ఈల వేశారు. మరొకటి ఇచ్చాడు. ఆ రెండో దెబ్బకు వాడు నవ్వాడు. దెబ్బ తగిలితే మనిషి వెనక్కి తగ్గాలి, లేదా కోపం తెచ్చుకోవాలి. వీడు రెండూ చేయలేదు. ఎడమ పక్క నుంచి, ఆ మసక లోంచి, ఒక పిడికిలి వచ్చి కంటి మీద పడింది. ఎముక మీద చర్మం చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగి, ఉన్న మసక కూడా ఆరిపోయింది.

రెండో రౌండులో కరుప్పయ్య ఆ గుడ్డి పక్కనే తిరిగాడు. కనిపెట్టేశాడు. డొక్కలో గుద్దాడు, మళ్ళీ అక్కడే గుద్దాడు. లోపల పక్కటెముక ఒకటి పటుక్కుమంది. కాళియప్పన్ ఊపిరి కోసం వాణ్ణి కావలించుకుని వేలాడాడు. అప్పుడు వాడు కుడి చెవి దగ్గర తెలుగులో అన్నాడు.

"పెద్దాయనా, పడిపో. పడిపోతే నీకీ మంచిది, నాకీ మంచిది. నా చెయ్యి నా మాట వినదు."

మన మాటే మాట్లాడుతున్నాడే అని కాళియప్పన్ ఒక్క క్షణం తబ్బిబ్బయ్యాడు. "నువ్వే పడరా తంబీ," అని తోసేశాడు.

మూలలో పెరియసామి కంటి గాయం నొక్కిపట్టి, "చాలు బావా, ఓడినామని తువ్వాలు ఏసేస్తాను," అన్నాడు. "ఏస్తే నిన్ను సంపుతాను," అన్నాడు కాళియప్పన్, నోట్లోని నెత్తురు బకెట్లోకి ఉమ్మి.

మూడో రౌండులో అతను ఇక దూరంగా తిరగలేదు. వాడి ఛాతీకి తల ఆనించి, కనపడకపోయినా తగిలేంత దగ్గరికి దూరాడు. వాడి దెబ్బలు వీపు మీద, మెడ మీద పడుతుంటే ఓర్చుకుని, కింద నుంచి కాలేయం మీదకి కుడి పిడికిలి దింపాడు. పోదనూరు గురువు నేర్పిన దెబ్బ. కరుప్పయ్య మోకాళ్ళు మడతపడ్డాయి. కాళియప్పన్‌కు ఒళ్ళంతా కల్లు తాగినట్టయింది. వాడి మూతి మీద కొట్టాడు. పన్ను ఒకటి ఎగిరి గుడారపు గుడ్డ మీద పడింది. ఇంకా కొట్టాడు. వీడు చచ్చినా పరవాలేదనిపించింది. ఆ మాట మనసులోకి రావడం అతనికి స్పష్టంగా తెలిసింది.

గంట మోగింది. కాళియప్పన్ చేతులు దించి మూల వైపు తిరిగాడు.

వెనక నుంచి వచ్చిన దెబ్బ చెవి వెనక తగిలింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. రెఫరీ అడ్డం వస్తే కరుప్పయ్య అతన్ని విదిలించి, పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టాడు. ఆ దెబ్బ సరిగ్గా ఎడమ కంటి మీద పడింది.

ఇక జనం ఆగలేదు. తాళ్ళు తెగాయి, కొయ్యలు ఒరిగాయి. మదురై మిల్లు వాళ్ళు గోడ దూకి పారిపోయారు. కరుప్పయ్య ఒంటరిగా మిగిలాడు. నలుగురైదుగురు వాణ్ణి కిందపడేసి తన్నుతున్నారు. వాడు లేచి ఒక కొయ్యను పట్టుకోబోయాడు. గ్లవుజుల చేతికి కొయ్య పట్టు దొరకలేదు. ముడి విప్పుకుందామని పళ్ళతో లాగుతుంటే ఎవరో మూతి మీద చెప్పుతో కొట్టారు. పెరియసామి కొయ్యకు బిగించిన ఇనుప కమ్మి పీకి, ఎత్తి పట్టుకుని వచ్చాడు.

కాళియప్పన్ ఒంటి కంటితో అది చూశాడు. ఎలా లేచాడో తర్వాత అతనికే తెలియదు. జనాన్ని మోచేతులతో చీల్చుకుని వెళ్ళి కరుప్పయ్యకు అడ్డంగా నిలబడ్డాడు.

"గ్లవుజులుండే చేతోణ్ణి కమ్మితో కొడ్తార్రా? ఇది సండా?"

"తప్పుకో బావా! నీ కన్ను తీసేసినాడు వాడు!" పెరియసామి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే కమ్మి దించాడు. అది కాళియప్పన్ భుజాన్ని చీరుకుని పోయింది. వాడు మళ్ళీ ఎత్తాడు. ఈసారి వాడి చూపు కరుప్పయ్య తల మీదే ఉంది.

కాళియప్పన్ కుడి చేత్తో గుద్దాడు. చేతులారా పెంచినవాణ్ణి, ఉన్న బలమంతా పెట్టి. చెరకు గడ విరిచినట్టు దవడ విరిగింది. పెరియసామి కమ్మితో సహా కూలిపోయాడు.

ఆ తర్వాత అందరూ కాళియప్పన్ మీదే పడ్డారు. రాళ్ళు వచ్చాయి. నిన్నటిదాకా భుజాల మీద మోసినవాళ్ళు బూతులు తిట్టారు. అతను కరుప్పయ్యను వీపుతో నెట్టుకుంటూ, ఎదురొచ్చినవాణ్ణల్లా గుద్దుకుంటూ క్యాంటీను దాకా వెనక్కి నడిచాడు. క్యాంటీను అంజలమ్మ ఇద్దరినీ లోపలికి లాగి గడియ వేసింది. కూరగాయల కత్తితో ఇద్దరి గ్లవుజుల తాళ్ళూ కోసింది.

చేతులు విడిపడగానే కాళియప్పన్ కరుప్పయ్య చెంప మీద ఛెళ్ళున కొట్టాడు.

"గంట వినబడలేదా నీకి?"

కరుప్పయ్య తల వంచుకున్నాడు. నోట్లోంచి నెత్తురు తీగలా కారుతోంది. "వినబడింది పెద్దాయనా," అన్నాడు. "వినబడింది. దిండిగల్లులోనూ వినబడింది." నేల మీద చతికిలబడి భోరుమన్నాడు. తలుపు మీద రాళ్ళు పడుతూనే ఉన్నాయి. పోలీసులు వచ్చేదాకా కాళియప్పన్ ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడే ఉన్నాడు.

రూలు ప్రకారం గెలుపు కాళియప్పన్‌కే ఇచ్చారు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. పెద్దాసుపత్రిలో ఎడమ కన్ను తీసేశారు. అదే వార్డులో, నాలుగు మంచాల అవతల, దవడకు తీగలు చుట్టించుకుని పెరియసామి పడుకున్నాడు. వీరాయి రోజూ గంజి తెచ్చేది. ముందు తమ్ముడికి తాగించి, తర్వాత మొగుడి మంచం దగ్గరికి వచ్చేది. మొదటిరోజు కన్ను గురించి ఒక్క మాట అడగలేదు.

"నా తమ్ముణ్ణి కొట్టినావు," అంది.

"వాడు కొట్టుంటే ఇవాళ జైల్లో ఉండును."

"తెలుసు. అయినా కొట్టినావు," అని గంజి గిన్నె చేతికిచ్చింది.

మిల్లు అతన్ని కార్డింగు నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టింది. కొందరు ఏళ్ళ తరబడి అతని ముఖం చూడకుండా లోపలికి పోయేవారు. కరుప్పయ్య బోడినాయకనూరులో ఏలకుల మూటల జీపు తోలుతున్నాడని కొందరు, మద్రాసులో ఇంకా గుద్దుతున్నాడని కొందరు అనేవారు. కాళియప్పన్ ఎవరినీ అడగలేదు.

పెరియసామి పెళ్ళి చేసుకుని మేట్టుపాళయం వెళ్ళి వక్కల మండీలో చేరాడు. అక్క దగ్గరికి వచ్చేవాడు, బావ డ్యూటీలో ఉన్న వేళ చూసి. దూది దుమ్ము కాళియప్పన్ ఊపిరితిత్తులను తినేసి మంచాన పడేసిన ఏడు మాత్రం, అతను ఇంట్లో ఉండగానే వచ్చాడు. మాట కాస్త వంకరగా వస్తోంది. మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"చలికాలం వొస్తే దవడ నొస్తాది బావా," అన్నాడు.

"నాకీ పిడికిలి నొస్తాది," అన్నాడు కాళియప్పన్.

పెరియసామి ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే వత్తడం మొదలుపెట్టాడు.