వెంటిలేటర్ మూయనివ్వని మనిషి

రెండు వారాల కిందట పొద్దున్నే ఫోన్ వచ్చింది, మెకానిక్ బాబాయ్ గుండెపోటుతో పోయారని. ముందు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ముందురోజే మా ఇంటికొచ్చి, గీజర్ బర్నర్ శుభ్రం చేయించలేదని నన్ను అరగంట తిట్టి, ఆదివారం వస్తాను ఇంట్లోనే ఉండమని హుకుం జారీచేసి వెళ్ళారు. ఆయన మాట మీద నేను ప్రయాణం కూడా మానుకున్నాను.

కొత్తపేటలో మా వాటా కింది షట్టర్లో ఆయన రిపేరు షాపు. ఎండాకాలం కూలర్లు, చలికాలం గీజర్లు. నల్గొండ వైపు మనిషి. వీధంతా 'కాకా' అనేది, గుంటూరు నుంచి వచ్చినదాన్ని కనుక నేను 'బాబాయ్ గారూ' అనేదాన్ని. ఇంటికొస్తే కూర్చోరు, నేరుగా బాత్రూంలోకి వెళ్తారు. ఇంట్లో పేరంటం జరుగుతున్నా సరే! గీజర్ వెలిగించి మంట నీలంగా ఉందో పసుప్పచ్చగా ఉందో చూసి, తలెత్తి వెంటిలేటర్ చూసి, ఆ తరవాతే మంచినీళ్ళు అడుగుతారు. కూలర్ గడ్డి మార్చమని పిలిచినా అంతే. ఎంత విసుగొచ్చేదో చెప్పలేను.

రెండేళ్ళ కిందట సకల జనుల సమ్మెలో కరెంటు కోతలు మొదలయ్యాక మేమూ గ్యాస్ గీజర్ కొన్నాం. మా అత్తగారికి చన్నీళ్ళు పడవు. కొట్టువాడు దాన్ని బాత్రూం లోపలే బిగించి పోయాడు. వెంటిలేటర్‌కి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పక్కింటి మెట్లు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. ఇక స్నానం ఎలా చేస్తాం? రోడ్డు మీద పడున్న ఫ్లెక్సీ ముక్క తెచ్చి మేకులు కొట్టేశాను. ఆ వీధిలో సగం ఇళ్ళది అదే తంతు.

బాబాయ్ చూశారు. "లోపల గ్యాస్ నిండుతది" అంటూనే ఫ్లెక్సీ పీకేసి, మళ్ళీ మూసే వీలు లేకుండా వెంటిలేటర్ అద్దాలు కూడా ఊడదీసి సంచీలో వేసుకున్నారు. గ్యాస్ లీకైతే వాసన వస్తుందిగా, నాకు తెలీదా అన్నాను.

"అది లీకయ్యే గ్యాస్. నేను చెప్పేది మండినంక లోపల నిండే గ్యాస్. కార్బన్ మోనాక్సైడ్ అంటరు. వాసనుండది, రంగుండది. నిద్రొచ్చినట్టు ఉంటది, గంతే" అన్నారు.

రోజూ సాయంత్రం మెడలో కండువా వేసుకుని దీక్షా శిబిరానికి వెళ్ళే మనిషాయన. అవి ఎవర్ని చూసినా అనుమానపడే రోజులు. నోరు జారాను. మేం ఆంధ్రావాళ్ళమనేగా మీకీ కక్ష అన్నాను.

ఆయన స్టూలు దిగి నావైపు చూశారు. "కొట్లాట రాష్ట్రం కోసమమ్మా. నీ బాత్రూంతోని నాకేం కొట్లాట?"

బయట గోడకు గీజర్ మారుస్తాను, ఓనరును అడిగి గోడకు కన్నం పెట్టాలి, అందాకా మూయొద్దు అన్నారు. చలి వేస్తుందంటే, "సలి పెడ్తే పెట్టనీ" అని మెట్లు దిగిపోయారు. పంతం కొద్దీ మర్నాడే ఇంకో ఫ్లెక్సీ కొట్టాను.

ఆ కార్తీకంలోనే ఓ సోమవారం తెల్లవారుజామున మా అత్తగారు తలస్నానానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. తలుపు కొడితే పలకలేదు. నా కేకలకు కింద షట్టర్ తీస్తున్న బాబాయ్ సుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గడియ విరగ్గొట్టి, నేను చీర కప్పగానే ఆవిణ్ణి బాల్కనీలోకి మోసుకొచ్చి, నన్ను దవాఖానకు ఆటో పిలవమన్నారు. ఆవిడ బతికింది. పంతానికి పోయి, ఫ్లెక్సీ ముక్కతో నేను మా అత్తగారిని చంపబోయాను. ఆ సంగతి ఆయన మరిచిపోనిస్తేగా! గీజర్ బయటికి మార్చారు సరే, ఆ తరవాత వీధిలో ఎవరు వెంటిలేటర్ మూసినా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, "చెప్పమ్మా, ఏమైందో" అనేవారు. సిగ్గుతో చచ్చేదాన్ని. ఆ ఇళ్ళ ఫ్లెక్సీలు మాత్రం ఊడాయి.

పదో రోజున బడంగ్‌పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటినిండా చుట్టాలు, స్నానాలకు వరస. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి తలెత్తితే, బాత్రూం వెంటిలేటర్‌లోంచి బాబాయ్ నన్నే చూస్తున్నారు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. గేటుకు కట్టగా మిగిలినదానితో మూసేశారు. లోపల గీజర్ మండుతున్న చప్పుడు. ఊరందరి గీజర్లూ బయటికి మార్చిన మహానుభావుడు సొంతింటిది లోపలే ఉంచుకున్నాడు!

"ఆయన ఉన్నన్ని దినాలు మూయనియ్యలే. ఇంతమంది ఆడోళ్ళున్నరని ఇయ్యాల్నే..." అంటోంది వాళ్ళావిడ. లోపల ఎవరని అడిగాను. మనవరాలట. చీర కుచ్చిళ్ళు దోపి, తిరగేసిన బకెట్టు ఎక్కి, ఆ మొహాన్ని రెండు చేతులా పట్టి లాగాను. లోపలి ఆవిరి నా మొహాన కొట్టింది.

"ఎవరది? సలి పెడ్తుంది!" లోపల్నుంచి పిల్ల కసిరింది.

నాకప్పుడు వచ్చింది ఏడుపు.

"సలి పెడ్తే పెట్టనీ. గీజర్ ఆపి బయటికి రా బిడ్డా" అన్నాను, ఆయన యాసలోనే. చేతిలో ఫ్లెక్సీ మీద బాబాయ్ మొహమంతా చెమటపట్టినట్టు ఆవిరి కారుతోంది.