సత్తుగిన్నెలో చారు

దగ్గరికి జరగండి, ఈ చాప మీద ఇంకా చోటుంది. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. నేను చదివింది తక్కువే గానీ, చూసింది మాత్రం మరచిపోను.

పోయిన ఎండాకాలం సెలవులకు నా కూతురి కూతురు వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను నా కొడుకు బిడ్డకు చారన్నం తినిపిస్తున్నాను. ఏడాది దాటిన పిల్ల. మనవరాలు పక్కన కూర్చుని ఫోనులో ఏదో చూస్తోంది. ఎప్పుడో ట్యూడర్ రాజులు ఇంగ్లండును ఏలిన కాలంలో మామూలు జనం ఎలా బతికారో చూపిస్తున్నారట.

"అవ్వా, ఇంట్లో నేలమీద గడ్డి పరుస్తాండ్రంట. అది కుళ్లినా తీయకుండా పైన కొత్త గడ్డి ఏస్తాండ్రంట."

"ఛీ! పేడతో అలుక్కోనన్నా తెలీదా వాళ్లకు?"

వంటింట్లోంచి నా కోడలు అందుకుంది. "అలికిచ్చేదానికి ఆడ నీ మాదిరి అత్తలు లేరేమో అత్తా!"

నవ్వుకున్నాం. ఆ తర్వాత కలిగినవాళ్ల పళ్లేలు చూపించారు. వెండిలా మెరుస్తున్నాయి.

"అచ్చం మన చారుగిన్నె మాదిరే ఉండాది సూడు అవ్వా!"

నాకు గర్వమనిపించింది. అది మా అమ్మ ఇచ్చిన సత్తుగిన్నె, తగరంతో చేసింది. చింతపండు చారు దాంట్లో కాస్తేనే రుచి. ఉత్త గిన్నెను మంట మీద పెడితే కరిగిపోతుంది. అందుకే ముందు చారు పోసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తాం.

ఇంతలో మనవరాలి గొంతు మారింది. "అవ్వా, ఆ పళ్లేల్లో సీసం కలుపుతాండ్రంట. పులుపు తగిలితే అది కూట్లోకి దిగుతాదంట. విషమంట."

ముద్ద పిల్ల పెదవి దగ్గరే ఆగిపోయింది.

"మనది మంచి సత్తు," అన్నాను.

కోడలు గడప దగ్గర నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. "అడుగు అతికిచ్చింది మర్చిపోతివా అత్తా?"

అంతకు రెండేళ్ల ముందు నీళ్ల ట్యాంకరు హారను విని, కోడలు ఉత్త గిన్నెను వెలుగుతున్న పొయ్యి మీదే వదిలి బిందెలతో పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి అడుగున బొక్క. వీధిలోకి వచ్చిన అతుకులవాడు పాత బండి బ్యాటరీలోంచి ముక్క తీసి, కరిగించి పోశాడు. భలే మెరుస్తోందని మేమిద్దరం మురిసిపోయాం.

బ్యాటరీలో ఉండేది సీసమేనని మనవరాలు చెప్పింది. పిల్లకు అన్నం ముట్టించిన నాటి నుంచీ ఆ చారే పోస్తున్నాం. ముద్ద వెనక్కి తీసేశాను. పిల్లేమో ఇంకా పెట్టమని నోరు తెరిచింది.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి హిందూపురం పోయాం. డాక్టరమ్మ పిల్లకు నెత్తురు తీయించి బెంగళూరుకు పంపించింది. జవాబు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

"మంట మీద పెట్టి పోయినది నేనే కదా," అని కోడలు ఒకటే ఏడుపు.

"నీళ్లకు పోతివి గానీ సినిమాకు పోతివా మే? నోరు మూసుకో!" అన్నాను.

నెత్తురులో సీసం ఉంది. "పెరగకముందే వచ్చినారు. ఇంక ఆ గిన్నె ముట్టొద్దండి," అంది డాక్టరమ్మ. కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే తగ్గిందని తేలింది. కోడలు ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, పిల్లను గుండెకు అదుముకుంది.

నాకు మాత్రం ఆ దిగ్భ్రమ ఇప్పటికీ పోలేదు. విషమంటే చేదుగా ఉంటుందనుకున్నాను, వాసన కొడుతుందనుకున్నాను. ఆ చారుకు పిల్ల లొట్టలేసేది. ఇంకొంచెం తినమ్మా అని బుజ్జగించి మరీ పోశాను.

మీ ఇంట పిల్లలు తిన్న ప్రతి ముద్దా ఒంటపట్టాలి. మీ బిందెల్లో నీళ్లకు ఏ ఎండాకాలమూ కరువు రాకూడదు. చల్లగా ఉండండి.