ధాన్యపు కొట్లో పదకొండు మంది

పంతొమ్మిదేళ్ళ వయసులో మనిషికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఆ రోజుల్లో నా ముక్కు మీద భయం తప్ప మరేమీ ఉండేది కాదు. అందుకే అప్పుడు పడవలసిన కోపమంతా ఇప్పుడు, జుట్టు నెరిశాక, కూర్చుని పడుతున్నాను. రాజమండ్రికి దిగువన కాలవ గట్టు మీద మిషను వాళ్ళ ఆశ్రమం ఒకటుండేది. ఒళ్ళు పెరిగినా బుద్ధి పసితనంలోనే ఆగిపోయిందని ఇళ్ళవాళ్ళు వదిలేసిన పెద్దవాళ్ళు పదకొండు మంది అందులో ఉండేవారు. వాళ్ళకి అన్నం పెట్టి, తలలు దువ్వి, పక్కలు వేసే ఉద్యోగం నాది. (ఉద్యోగమని నేనే అనుకునేదాన్ని. మా అమ్మ మాత్రం "మొత్తానికి నీకూ అక్కడ చోటు దొరికిందన్నమాట" అనేది.)

వాళ్ళలో ముప్పై అయిదేళ్ళ ఆడమనిషిని అందరం చాపలక్క అనేవాళ్ళం. మాట నెమ్మది, చెయ్యి చురుకు. ఆమె అల్లిన తాటాకు చాపలో వేలెడు వంకర వెతికినా దొరికేది కాదు. దండం మామకి యాభై దాటాయి. మనిషికీ, మేకకీ, కాలవలో పోయే పడవకీ ఒకే వినయంతో దండం పెట్టేవాడు. ఆశ్రమం పెట్టిన దొరసానమ్మ జబ్బు చేసి, ఓడెక్కి సీమకు వెళ్ళడంతో పెత్తనం మా పేట పాస్టరు అయ్యగారి చేతికి వచ్చింది. రెండు నెలలకే కాకినాడ నుంచి మిషను పెద్ద దొరా, ఆయన భార్యా ఆశ్రమం చూడటానికి వస్తున్నారని కబురు.

అయ్యగారు నన్ను పిలిచారు. "వీళ్ళని చూపిస్తే మన పరువేం కానమ్మా? ఒకడు చొంగ కారుస్తాడు, ఒకామె ఊరికే నవ్వుతుంది."

"మరి ఎవరిని చూపిద్దామండి?"

"బాగుపడినవాళ్ళని."

"వాళ్ళెక్కడున్నారండి?"

"బోర్డింగు బడిలో. వంటాయన్నీ, తోటమాలినీ, ఇంకో తొమ్మిది మందినీ రమ్మన్నాను. నువ్వు మనవాళ్ళని ధాన్యపు కొట్లో పెట్టి తాళం వేసెయ్యి."

నేను "చిత్తమండి" అన్నాను. అంతే అన్నాను! పైగా "లోపల బెల్లం ఉంది, రండి" అని అబద్ధమాడాను. పదకొండు మందీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నన్ను నమ్మి, లోపలికి నడిచారు. దండం మామ తలుపుకి కూడా దండం పెట్టి వెళ్ళాడు. ఇప్పటికీ ఇది తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దొరలు వచ్చారు. ఉతికిన బట్టల్లో వరసగా కూర్చున్న వంటాయనా బృందమూ ఎంత బుద్ధిమంతుల్లా కనిపించారంటే, అయ్యగారి కళ్ళు చెమర్చాయి. దొరసాని చాప ఒకటి చూసి ముచ్చటపడి, "ఇది చాప ఎవరు చేసినారు?" అంది.

"నేనేనండి," అన్నాడు వంటాయన, గుండె మీద చెయ్యేసుకుని.

అప్పుడొచ్చింది నాకు కోపం. అబద్ధానికి కాదు, నేనే బొంకుల పుట్టని. చాపలక్క వేళ్ళు కోసుకుని అల్లిన చాపని, గంటె తప్ప ఏమీ పట్టని చెయ్యి తనదనడమా! పరుగెత్తుకెళ్ళి కొట్టు తాళం తీశాను. చెమటతో, ఒంటి నిండా ఊకతో పదకొండు మందీ బయటపడ్డారు. చాపలక్క తిన్నగా దొరల ముందుకి వచ్చేసరికి, అల్లి చూపించమని దొరసాని అడిగిందని వంటాయన రెండు ఆకులు పట్టుకుని జడలా పేనుతున్నాడు.

"అలాక్కాదు," అందామె. ఆకులు లాక్కుని, ఆయన్ని పక్కకి తోసి, కూర్చుని అల్లడం మొదలెట్టింది.

దొరగారు ఆ పదకొండు మందినీ, ఈ పదకొండు మందినీ మార్చి మార్చి చూశారు. అయ్యగారు వాళ్ళ మధ్య చేరి ఊరికే నవ్వుతున్నారు. ముఖం మీద చెమట ధారలు కడుతోంది. దండం మామ జాలిపడి తన తువ్వాలుతో ఆయన ముఖం తుడిచాడు. దొరసాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపం! ఈయన ఇక్కడ ఎన్ని యేండ్లు ఉన్నారు?" అని అయ్యగారిని చూపిస్తూ నన్నడిగింది.

"రెండు నెలలేనండి," అన్నాను. (అబద్ధం కాదుగా.)

మర్నాడే నా ఉద్యోగం పోయింది. అయ్యగారి కుర్చీ మాత్రం కదల్లేదు. తాళం తీసినందుకు నన్ను మా పేటంతా మెచ్చుకుంది. వేసినదెవరని ఒక్కరూ అడగలేదు. అడగవలసిన మనిషి అడక్కుండానే తేల్చేసింది. సెలవు తీసుకుందామని వెళితే, చాపలక్క వీపు తిప్పుకుని కూర్చుంది.

పెళ్ళై తణుకు వచ్చేశాక, ఏడాది తిరిగేసరికి పడవెక్కి చూడటానికి వెళ్ళాను.

"నా మీద ఇంకా కోపమేనా అక్కా?"

"ఆ."

"ఎన్నాళ్ళు?"

ఇంకో ఆకు తీసి అల్లికలో దూర్చింది. "రేపటిదాకా."

మా ఆయన్ని బతిమాలి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లారగానే వెళ్ళి, "కోపం పోయిందా?" అన్నాను.

"రేపు కదా," అంది.

అప్పటి నుంచి ఏటేటా వెళుతూనే ఉన్నాను. అడుగుతాను, అదే జవాబు చెబుతుంది, తన చాప మీదే కాస్త జరిగి చోటిస్తుంది. ఈ మధ్య మోకాళ్ళు పట్టేసి పడవెక్కడం కష్టంగా ఉంది. "ఆవిడ కోపం తీరిందా లేదా చెప్పు, ఇంక వెళ్ళడం మానెయ్యవచ్చు," అంటారు మా ఆయన. రేపు తీరుతుందండీ, అంటాను.